సవరణ: పెయింట్‌బాల్ ట్యాంకు రెగ్యులేటర్ మార్చడం గురించి

పెయింట్‌బాల్ తుపాకీకి గాలి అందించే ట్యాంకు, ఆ గాలి ఒత్తిడిని తగ్గించి పంపే రెగ్యులేటర్ గురించి మొన్నటి పోస్టులో "మర సరిపోతే ఏ రెగ్యులేటరైనా ఏ ట్యాంకుకైనా బిగించుకోవచ్చు" అని రాశాను. అది తప్పు. తయారీదారులిచ్చే సూచనల పుస్తకాలు చూశాక సరిచేస్తున్నాను.

3000 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అల్యూమినియం ట్యాంకుకీ 4500 పీఎస్ఐ కార్బన్ ఫైబర్ ట్యాంకుకీ మర చాలాసార్లు ఒకటే. తేడా రెగ్యులేటర్‌కి ఉండే చిన్న బర్స్ట్ డిస్కులో ఉంది. ఒత్తిడి హద్దు మీరితే ట్యాంకు కంటే ముందు తానే పగిలి గాలి వదిలేయడం దాని పని. సాధారణంగా 3000 రకానికి 5000 పీఎస్ఐ డిస్కు, 4500 రకానికి 7500 డిస్కు వస్తాయి. అమెరికా రవాణా శాఖ (డాట్) నిబంధనల ప్రకారం 3000 అల్యూమినియం ట్యాంకును పరీక్షించే ఒత్తిడే 5000. దానికి 4500 రెగ్యులేటర్ తగిలిస్తే డిస్కు ఉన్నా లేనట్టే.

ఒత్తిడి చూపే "గేజ్ సున్నాకి వచ్చాక విప్పండి" అని నేనన్నదాన్ని కొందరు అదొక్కటే చాలనుకున్నారు. చాలదు, ముల్లు ఇరుక్కుపోవచ్చు. రెగ్యులేటర్ మీద గాలి వదిలే పిన్ను నొక్కినా ఇక గాలి రానంతవరకు ఖాళీ చేయాలి. విప్పేటప్పుడు బుస్సుమన్నా, మర మొరాయించినా అక్కడే ఆపి, తెలిసిన టెక్నీషియన్‌కి ఇచ్చేయండి. మరకు మామూలు నూనె, గ్రీజు పూయొద్దు. గాలి లీకవకుండా ఆపేది ఓ-రింగు అనే రబ్బరు రింగు.