చూసుకోమన్న చాపం

సంకీర్ణ సంఖ్యల తలంలో మూసిన దారి గీసి, దాని లోపల దొరికే 'రెసిడ్యూ' అనే సంఖ్యలతో ఇంటిగ్రల్ విలువ తేల్చే పద్ధతి రెసిడ్యూ ఇంటిగ్రేషన్. దాని మీద ఏ వీడియో పాఠం తెరిచినా ఒక అర్ధవృత్తం కనిపిస్తుంది. మాస్టారు దాన్ని ముచ్చటగా గీస్తారు, బాణాలు పెడతారు, రంగు కూడా వేస్తారు. ఆ వెంటనే "వ్యాసార్ధం ఆర్ అనంతానికి పోతే ఈ చాపం మీద ఇంటిగ్రల్ సున్నా, అది మీరే చూసుకోండి" అంటారు. చూసుకోగలిగితే మీ దాకా ఎందుకొస్తాం సార్?

మా తమ్ముడూ నేనూ కలిసి నేర్చుకుందామని మొదలెట్టాం. రెసిడ్యూ అర్థం కావాలంటే లారెంట్ శ్రేణి రావాలన్నారు. దానికి ముందు కోషీ సిద్ధాంతం, దానికీ ముందు గ్రీన్ సిద్ధాంతం. అలా వెనక్కి వెనక్కి పోయి అర్ధరాత్రికి "ఐ స్క్వేర్ అంటే మైనస్ 1" దగ్గర తేలాం. అది మాత్రం భేషుగ్గా అర్థమైంది.

మర్నాడు ఇంకో మాస్టారు 1 బై (1 ప్లస్ ఎక్స్ స్క్వేర్)ని మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం దాకా ఇంటిగ్రేట్ చేశారు. టాన్ ఇన్వర్స్‌తో ఒక్క లైనులో 'పై' వచ్చేసే లెక్క. పద్ధతి కోసం కదా అని ఓపిగ్గా చూశాం. అందరూ పైకి గీసే అర్ధవృత్తాన్ని ఈయన కిందికి గీశారు. తప్పేం లేదు, మైనస్ ఐ దగ్గర కూడా పోల్ (హారం సున్నా అయ్యే చోటు) ఉంది. కాకపోతే అటు తిరిగితే గడియారం ముల్లు దిశ అవుతుంది, రెసిడ్యూని గుణించే 2పై ఐ ముందు మైనస్ పెట్టాలి. ఆయన పెట్టలేదు. జవాబు మైనస్ పై! ఎక్కడా సున్నా కిందికి దిగని ఫంక్షన్‌కి రుణ వైశాల్యమన్నమాట. ఆయన ఓ క్షణం బోర్డు వంక చూసి, "వైశాల్యం కాబట్టి మాడ్యులస్ తీసుకుందాం" అని మైనస్ చెరిపేసి తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయారు.

తమ్ముడికి ఆ ధైర్యం తెగ నచ్చింది. అదే లెక్కలో లవంలోని 1 తీసేసి కాస్ ఎక్స్ పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్స్ ఉన్నచోటల్లా జెడ్ రాసి, ఐ దగ్గర రెసిడ్యూ తీసి, 'పై కాష్ 1' తెచ్చాడు. దాదాపు 4.85.

"వాస్తవ సంఖ్యలకి కాస్ 1 దాటుతుందా?" అన్నాను.

"దాటదు."

"మరి 1 ఉన్నప్పుడే 'పై' దాటని ఇంటిగ్రల్, కాస్ పెట్టాక ఎలా పెరిగింది?"

"పైకెళ్ళాక పెరిగిందేమో అక్కా!"

తీరా చూస్తే వాడన్నదే నిజం. వాస్తవ రేఖ వదిలి పైకి పోయేకొద్దీ కాస్ జెడ్ ఉబ్బిపోతుంది, చాపం మీది ఇంటిగ్రల్ సున్నా అవ్వనని మొండికేస్తుంది. అందుకే కాస్ బదులు 'ఈ పవర్ ఐ జెడ్' పెట్టి, చివర్లో వాస్తవ భాగం తీసుకుంటారు. అప్పుడొచ్చేది 'పై బై ఈ', సుమారు 1.16. టాన్ ఇన్వర్స్ తలకిందులుగా తపస్సు చేసినా తేలేని జవాబు. ఇంత ముద్దొచ్చే జవాబుని ఆ 'చూసుకోండి' వెనకాల దాచడమేమిటో!

తమ్ముడిప్పుడు లాగ్ జెడ్‌లో పడ్డాడు. సున్నా చుట్టూ ఎడమవైపుగా ఒక చుట్టు తిరిగొస్తే దాని విలువ 2పై ఐ పెరుగుతుందని చెప్పాను.

"అయితే జవాబు కలిసేదాకా తిరగొచ్చన్నమాట" అన్నాడు.