మాట్లాడకపోతే గొడవ తీరదు
మతం, రాజకీయాలు ఇంట్లో ఎత్తకపోవడమే మంచిదన్న వ్యాసకర్త మాట నేను ఒప్పుకోను. నోరు నొక్కుకుంటే అభిప్రాయాలు పోవు, లోపలే ముదురుతాయి. చిక్కంతా అవతలివాళ్ల మాట పూర్తిగా వినకుండానే జవాబు సిద్ధం చేసుకోవడంలో ఉంది. శాస్త్రగ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసిన మన భాష్యకారులు ముందు పూర్వపక్షం, అంటే అవతలివాళ్ల వాదన చెప్పి, ఆ తర్వాతే ఖండించేవారు. బ్రహ్మసూత్రాలకు తాను రాసిన వ్యాఖ్యానమైన శ్రీభాష్యం మొదట్లో రామానుజులు తాను ఒప్పుకోని అద్వైత వాదాన్ని ఎంత విస్తారంగా పెట్టారో చూడండి! అంత ఓపిక ఇవాళ టీవీ చర్చల్లో ఎక్కడుంది? మా అన్నయ్యకూ నాకూ రాజకీయాల్లో అస్సలు పడదు. అందుకే వాదన వేడెక్కితే "నువ్వనేది ఇదేనా?" అని ఒకరి మాట ఒకరం తిరిగి చెప్పుకుంటాం. "కాదురా, నేనన్నది అది కాదు" అని అన్నయ్య సరిదిద్దిన సందర్భాలే ఎక్కువ. ఓట్లు ఇప్పటికీ వేర్వేరు పార్టీలకే వేస్తాం, మాటలు మాత్రం ఆగలేదు.