కాఫీ సరే, మరుగుదొడ్డి ఏది?

లండన్ ఫిట్జ్‌రోవియాలోని ఫోలీ స్ట్రీట్‌లో, కాలిబాట అంచున మెట్లు దిగితే ఒక కాఫీ దుకాణం వస్తుంది. 1890 ప్రాంతంలో మగవాళ్ల కోసం కట్టిన భూగర్భ మూత్రశాల అది. దశాబ్దాల పాటు మూతబడి ఉన్న ఆ చోటును బాగుచేసి 2013లో దుకాణంగా తెరిచారు. గోడ వెంట వరసగా ఉన్న డౌల్టన్ కంపెనీ పింగాణీ యూరినళ్లను పీకి పారేయకుండా, వాటికి పొడవాటి బల్ల బిగించి, ఒక్కోదాని ముందు ఒక్కో ఎత్తుపీట వేశారు. ఒకప్పుడు మనిషికీ మనిషికీ మధ్య చాటుగా నిలిచిన పింగాణీ పలకలు ఇప్పుడు కాఫీ కప్పుకూ కాఫీ కప్పుకూ మధ్య నిలుస్తున్నాయి. మడీ ఆచారం పాటించే మన పెద్దవాళ్లు అక్కడ కప్పు ముట్టుకుంటారో లేదో గానీ, పాత కట్టడం గతాన్ని దాచిపెట్టకుండా కొత్త పనికి మలిచిన ఆ నేర్పు మెచ్చుకోదగినదే. లండన్‌లోనే క్లాపమ్ కామన్ భూగర్భ రైలు స్టేషన్ పక్కన 1916 నాటి మరుగుదొడ్లు కూడా ఇలాగే 2014లో వైన్ బార్ అయ్యాయి.

నా పేచీ ఆ దుకాణదారులతో కాదు. మూతబడి పాడుపడిన చోటును వాళ్లు బాగుచేసుకున్నారు. ఇలాంటి మార్పులను చూసి సృజనాత్మకత అని మురిసిపోయే మనం, ఆ దారిన పోయేవాళ్లు ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారని అడగకపోవడమే నా బాధ. ఇంగ్లండులో 1936 నాటి ప్రజారోగ్య చట్టం ప్రకారం కౌన్సిళ్లు, అంటే మన మునిసిపాలిటీల వంటి స్థానిక సంస్థలు, పబ్లిక్ టాయిలెట్లు కట్టవచ్చు; కట్టి తీరాలన్న నియమం లేదు. అందుకే డబ్బుకు కటకట వచ్చినప్పుడు తాళం పడే వాటిలో ఇవి ముందుంటాయి. గ్రంథాలయం మూసేస్తామంటే సంతకాలు సేకరించేవాళ్లు ఉంటారు గానీ, మూత్రశాల కోసం వీధికెక్కడానికి అందరికీ మొహమాటమే.

ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వేసవిలో ఇండియా నుంచి లండన్‌లోని పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో షుగరు ఉన్నవాళ్లూ, బీపీకి నీటి మాత్ర వేసుకునేవాళ్లూ ఎంతమందో చెప్పనక్కర్లేదు. బయటికి వెళ్లే రోజున ఆ మాత్ర మానేసి, మంచినీళ్లు తాగడం కూడా తగ్గించేసి బయలుదేరే అమ్మలను చాలామందిని చూశాను. కాఫీ దుకాణంలోకి ఊరికే వెళ్లి రావడం బాగుండదని, అక్కర్లేని టీ ఒకటి కొంటారు. ఆ టీ మరో గంటలో మళ్లీ అదే అవసరం తెచ్చిపెడుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ నగరం మొదటినుంచీ పిసినారిగానే ఉంది. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ అనే పారిశుధ్య ఇంజనీరు ఏర్పాటు చేసిన మరుగుదొడ్లను, పెన్నీ చెల్లించి 8 లక్షల 27 వేల మందికి పైగా వాడుకున్నారు. అవసరం ఎంతటిదో అప్పుడే రుజువైనా, ఆ తర్వాత వీధుల కింద వెలిసిన వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకే దక్కింది. 1900లో క్యామ్డెన్‌లో స్త్రీలకు ఒకటి కట్టాలని ప్రతిపాదన వచ్చినప్పుడు, రాకపోకలకు అడ్డవుతుందో లేదో చూద్దామని రోడ్డు మీద చెక్కతో నమూనా కట్టడం ఒకటి నిలబెట్టారు. బండ్లవాళ్లు దాన్ని పనిగట్టుకుని గుద్దిపోయారు! స్థానిక పాలకమండలి సభ్యుడిగా ఉండి స్త్రీల పక్షాన వాదించిన నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా ఈ ఉదంతాన్ని తర్వాత రాసిపెట్టారు.

పాత భూగర్భ మరుగుదొడ్లన్నిటినీ మళ్లీ తెరవాలని నేను అనడం లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి, పిల్లల బండి తోసుకొచ్చే తల్లికి, మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ నిటారు మెట్లు ఏ విధంగానూ పనికిరావు. వాటిని అద్దెకివ్వండి, అమ్మండి. కానీ వచ్చిన సొమ్ముతో అదే వీధిలో, నేల మట్టాన, మెట్లు లేని మరుగుదొడ్డి ఒకటి కట్టి నడపాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. అది లేనప్పుడు ఎంత అందమైన మార్పు అయినా జనం సొత్తును కొనుగోలుదారుల పరం చేయడమే.

పని మార్చకుండా కూడా సృజన చూపవచ్చునని న్యూజిలాండ్‌లోని కవకవ అనే చిన్న ఊరు 1999లోనే నిరూపించింది. అక్కడ స్థిరపడిన ఆస్ట్రియా చిత్రకారుడు హుండర్ట్‌వాసర్, ఊళ్లోని పాత మరుగుదొడ్డికి కొత్త రూపం ఇచ్చారు. కూల్చేసిన బ్యాంకు భవనం ఇటుకలు తెచ్చారు, స్థానిక విద్యార్థులు చేసిన పలకలు అతికించారు, ఖాళీ సీసాలను గోడలో కూర్చి వెలుతురు లోపలికి వచ్చేట్టు చేశారు, పైకప్పు మీద గడ్డి పెంచారు, అక్కడున్న చెట్టును కొట్టకుండా కట్టడంలో కలుపుకొన్నారు. జనం దాన్ని చూడటానికే ఆ ఊళ్లో ఆగుతున్నారు, వాడుకుంటున్నారు కూడా.

మన హైదరాబాదులో వచ్చిన లూ కేఫేల పద్ధతి నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అది లండన్ లెక్కను తిరగేసింది. మరుగుదొడ్డి ఉచితం, పక్కనే ఉన్న కేఫే ఆదాయం, ప్రకటనల ఆదాయం దాని నిర్వహణకు పోవాలన్నది ఆ ఏర్పాటు. పుణెలో పాత బస్సులను స్త్రీల మరుగుదొడ్లుగా మార్చిన ప్రయత్నమూ ఇలాంటిదే. ఏ నమూనా అయినా రోజూ కడిగే మనిషికి సరైన జీతం అందినంతకాలమే నిలుస్తుంది; ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించేవాళ్లు ఆ పద్దును సాధారణంగా మరిచిపోతారు.

లండన్‌లో మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. రిచ్మండ్ కౌన్సిల్ చాలాకాలంగా ఒక పథకం నడుపుతోంది: ఏమీ కొనకపోయినా ఎవరినైనా తమ టాయిలెట్ వాడుకోనిస్తామని ఒప్పుకున్న దుకాణాలకు, హోటళ్లకు ఏటా కొంత సొమ్ము ఇచ్చి, అద్దం మీద అంటించుకోవడానికి గుర్తు ఇస్తుంది. ఇతర కౌన్సిళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఈస్ట్‌హామ్‌లో, హౌన్‌స్లోలో బిర్యానీ హోటళ్లు నడుపుతున్న మనవాళ్లు తమ కౌన్సిల్‌ను ఈ విషయం అడగవచ్చు; అలాంటి పథకం లేకపోతే పెట్టమని తెలుగు సంఘం తరఫున కోరవచ్చు. ఉగాది సంబరాలకు హాలు చూసే కార్యవర్గం పార్కింగుతో పాటు మెట్లు లేని టాయిలెట్లు ఎన్ని ఉన్నాయో కూడా అడిగి, ఆ వివరం ఆహ్వానపత్రంలో వేస్తే, ఇంట్లోనే ఉండిపోదామనుకున్న పెద్దవాళ్లలో కొందరైనా బయలుదేరుతారు.