తిడితే రాముణ్ణి తిట్టండి

ప్రభుత్వోద్యోగికి భావప్రకటనా స్వేచ్ఛ లేదని వాపోయేవారిని చూస్తే నాకు జాలి. వాళ్లు ప్రవర్తనా నియమావళి చదవలేదన్నమాట. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల నియమాల్లో తొమ్మిదోది తీసి చూడండి. ప్రభుత్వ విధానాల మీద, చర్యల మీద ప్రతికూల విమర్శ కూడదని మాత్రమే ఉంది. అనుకూల విమర్శ వద్దని ఎక్కడైనా ఉందా? మంత్రిగారి పుట్టినరోజుకు వాట్సాప్ స్టేటస్ నిండా పూలదండల ఫొటోలు పెట్టిన ఉద్యోగిని సంజాయిషీ అడిగిన దాఖలా నేనైతే చూడలేదు. రాజకీయాల జోలికి పోరాదన్న నియమం కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అయితే పొగడ్త రాజకీయం కాదని, అది మర్యాద పద్దు కింద జమ అవుతుందని మన కార్యాలయాలు ఏనాడో తేల్చుకున్నాయి. కనుక స్వేచ్ఛ ఉంది. ఒకవైపుకే ఉంది. ఊళ్లో వన్‌వే రోడ్లు లేవా?

ఈ సంగతిని మహారాష్ట్ర ప్రభుత్వం కాగితం మీదే పెట్టేసింది. 2025 జులైలో ఉద్యోగుల సోషల్ మీడియా వాడకం మీద ఉత్తర్వు ఇస్తూ, ప్రభుత్వాన్ని విమర్శించకూడదంది. పథకాల విజయాన్ని సమష్టి కృషిగా చెప్పుకోవచ్చంది. అది ఆత్మస్తుతి కాకుండా చూసుకోమని కూడా హెచ్చరించింది. పరనింద వద్దు, ఆత్మస్తుతి వద్దు. ఇక మిగిలింది పరస్తుతి. ఉద్యోగి చేతికి ఇంతకంటే స్పష్టమైన పాఠ్యప్రణాళిక ఎవరిస్తారు?

1964లో ఆ నియమాలు రాసినవారి మనసులో ఉన్నది రేడియో ప్రసంగాలు, మారుపేర్లతో పత్రికలకు రాసే వ్యాసాలు. ఆ రోజుల్లో గుమాస్తాకు సర్కారు మీద కోపం వస్తే టీ కొట్టుకు వెళ్లి, అటూ ఇటూ చూసి, నాలుగు మాటలనేసి, గ్లాసు కడిగినంతసేపట్లో చల్లబడి తిరిగొచ్చేవాడు. ఇప్పుడా టీ కొట్టు ఫోనులోకి వచ్చింది. మాట పక్కన తేదీ, నిమిషాలతో సహా సమయం పడుతున్నాయి. స్క్రీన్‌షాట్ తీసి పైఅధికారికి పంపేది ఎవరో పరాయివాడనుకునేరు. సీనియారిటీ జాబితాలో సరిగ్గా మీ కింద పేరున్నవాడు. పొద్దున గ్రూపులో మీ మాటకు బొటనవేలు ఎత్తి చూపింది కూడా అతనే కావచ్చు.

ఉద్యోగిని ఫోను ముట్టవద్దన్నారని కూడా అనకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులు బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే విధి కూడా నిర్వర్తించారు. ఇక్కడొక సూక్ష్మం గమనించాలి. గచ్చు, తొట్టి, మూలనున్న చీపురు కనిపించేలా తీసిన ఫొటో యాప్‌లోకి వెళ్తే విధినిర్వహణ. అదే ఫొటో కింద ‘కుళాయిలో నీళ్లు రావడం లేదు’ అని రాసి ఫేస్‌బుక్‌లో పెడితే దుష్ప్రవర్తన. దొడ్డి ఒకటే, చీపురు ఒకటే. పోయింది మూడు నాలుగు మాటలు, వచ్చేది మెమో.

ఇంత చక్కటి ఏర్పాటుకు న్యాయస్థానాలు సహకరించడం లేదు, అదే బాధ. 1962లోనే కామేశ్వర ప్రసాద్ కేసులో, ఉద్యోగంలో చేరినంత మాత్రాన పౌరుడి ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు అనేసింది. త్రిపురలో మత్స్య శాఖ ఉద్యోగిని ఒకరు రాజకీయ సభకు వెళ్లారని, ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు సస్పెండ్ చేస్తే, ప్రభుత్వోద్యోగికీ మాట్లాడే హక్కుందని 2020లో అక్కడి హైకోర్టు గుర్తుచేసింది. అమెరికాలో మరీ విడ్డూరం. వర్జీనియాలోని హ్యాంప్టన్‌లో షెరిఫ్ అనే అధికారి పదవికి ఎన్నికలప్పుడు, తన పైఅధికారి అయిన షెరిఫ్ ప్రత్యర్థి ఫేస్‌బుక్ పేజీకి లైకు కొట్టిన ఉద్యోగి కొలువు పోయింది. కింది కోర్టు లైకు అసలు మాటే కాదంది. 2013లో పైకోర్టు మాటేనని, ఇంటి ముందు ఎన్నికల బోర్డు పాతుకోవడం లాంటిదని తీర్పిచ్చింది. వాళ్లకు పెరట్లోనూ ముంగిట్లోనూ స్థలముంటుంది, ఎన్ని బోర్డులైనా పాతుకుంటారు.

అయినా తీర్పులు చూసి ధైర్యపడకండి. తీర్పు వచ్చేలోపు సగం జీతంతో ఇల్లు గడపాలి. పెద్ద హోదాలో ఉన్నవారికైనా చిక్కు తప్పదు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్ల నరికివేత మీద గొడవ నడుస్తుండగా తెలంగాణలో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి ఆ గొడవ మీద వచ్చిన గిబ్లీ బొమ్మ (ఏఐ గీసిన కార్టూన్) ఒకదాన్ని ఎక్స్‌లో మళ్లీ పంచుకున్నారు. ఏప్రిల్‌లో పోలీసు నోటీసు వచ్చింది. దాన్ని పంచుకున్న రెండు వేల మందికీ ఇలాగే నోటీసులిస్తారా అని ఆమె అడిగారు. ఆ నెలాఖరు బదిలీల జాబితాలో ఆమె పేరుంది. రెంటికీ సంబంధం ఉందని నేననలేదు. నేనూ ఎక్కడో నెలజీతం తీసుకునేవాణ్ణే.

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడొకరు మాస్కులు చాలడం లేదన్నారు. సస్పెండ్ చేశారు. మరుసటి నెల విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టారు. ఏడాది తిరిగేసరికి ఆయన లేరు. దీన్ని హాస్యం చేయడం నాకు చేతకాదు, ముందుకు వెళతాను.

ప్రైవేటు ఉద్యోగులకు ఈ బెంగే లేదు. రాజ్యాంగంలో మాట్లాడే హక్కునిచ్చే 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని అదుపు చేయడానికే గానీ కంపెనీని కాదు. హైదరాబాద్ ఐటీ కుర్రాడిని పొద్దున తీసేస్తే సాయంత్రానికి లింక్డ్‌ఇన్‌లో ‘ఈ అద్భుత ప్రయాణానికి కృతజ్ఞతలు’ అని రాస్తాడు. సర్కారీ ఉద్యోగులు అతని దగ్గర శిక్షణ పొందాలి.

మరి కడుపులో ఉన్నది కక్కేదెలా? దారి చూపినవాడు మనవాడే, అదీ రెవెన్యూ శాఖవాడే. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న. ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని గోల్కొండ ఖైదులో వేశారు. పన్నెండేళ్లంటారు. అంతకాలం లోపల కూర్చుని ఆయన నిలదీసింది ఎవర్ని? తానీషానా? ఎంతమాత్రం కాదు. రాముణ్ణి! చేయించిన నగలు ఒక్కొక్కటే లెక్కచెప్పి మరీ దులిపేశాడు. ప్రభుత్వం మీద ప్రతికూల విమర్శ సున్నా. పైగా కథ ప్రకారం బకాయి మొత్తం రాముడే వచ్చి కట్టాడు. ఏ ఫిర్యాదుల విభాగం ఇంత బాగా పనిచేసింది?

కనుక డీఏ బకాయిలు రాకపోయినా, జీతాలు సవరించే పీఆర్సీ ఆలస్యమైనా ఇకపై రాముణ్ణే తిట్టండి. ‘రామా, నా డీఏ ఏదయ్యా’ అని స్టేటస్ పెట్టండి. అయినా స్క్రీన్‌షాట్ వెళ్తుంది, మెమో వస్తుంది. సంజాయిషీ నమూనా ఇక్కడే ఇస్తున్నాను, తేదీ వేసి సంతకం చేయడమే మిగిలింది:

‘అయ్యా, తమరి మెమోలో ఉదహరించిన రాముడు అయోధ్య వాస్తవ్యులు, దశరథుని కుమారుడు అగు శ్రీరామచంద్రమూర్తియే గాని, రాష్ట్ర మంత్రివర్గమునందు గాని, ఆర్థిక శాఖయందు గాని ఏ హోదాలోనూ ఉన్నవారు కారని మనవి. జతపరచినవి: రాముని ఫొటో ఒకటి, గెజిటెడ్ అధికారిచే ధ్రువీకరించబడినది.’