జాలి చేరని చోటికి విరాళం

1948 మే 22న అమెరికాలో ప్రసారమైన ఒక రేడియో కార్యక్రమం, బోస్టన్ ఆసుపత్రిలో క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పన్నెండేళ్ల పిల్లవాడి గదిలోకి శ్రోతలను తీసుకెళ్లింది. అసలు పేరు చెప్పకుండా అతణ్ని 'జిమ్మీ' అన్నారు. అతడు అభిమానించే బేస్‌బాల్ ఆటగాళ్లు ఒక్కొక్కరే మంచం దగ్గరికి వచ్చి పలకరించారు. 20 వేల డాలర్లు పోగైతే ఆటలు చూడటానికి బాబుకు టెలివిజన్ కొనిస్తామని చెబితే, 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ సొమ్ము పిల్లల క్యాన్సర్ మీద పనిచేస్తున్న డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పరిశోధనకు ఊపిరి పోసింది. యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల అందించిన అమినోప్టెరిన్ అనే మందుతో, ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందన్న ఫార్బర్ పత్రం అచ్చయింది మాత్రం ఆ తర్వాత, జూన్‌లో.

అంటే దాతలు ఫలితం చూసి ఇవ్వలేదు. క్యాన్సర్ పరిశోధనలో విరాళానికి ఉన్న ప్రత్యేకత ఇదే. ప్రభుత్వ నిధులు సాధారణంగా ముందే కొంత రుజువు అడుగుతాయి, కంపెనీ పెట్టుబడి లాభం అడుగుతుంది. ఈ రెండూ వెనకాడే తొలి దశలోనే దాత సొమ్ముకు అసలు విలువ.

అయితే ఆ సొమ్ము జాలి వెంట నడుస్తుంది. జాలి అన్ని క్యాన్సర్లకూ సమానంగా దక్కదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్‌తో మరణించినవారు దాదాపు 97 లక్షల మంది కాగా, వారిలో సుమారు 18 లక్షల మందిని బలిగొన్నది ఊపిరితిత్తుల క్యాన్సరే. కానీ అది 'కోరి తెచ్చుకున్న జబ్బు' అన్న ముద్ర, పొగ ముట్టనివారికి కూడా అది వస్తుందని తెలిసినా, చాలామంది చేతిని జేబు దాకా పోనివ్వదు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌ది ఇంకో రకం దురవస్థ: కోలుకుని బయటపడేవారే తక్కువ కాబట్టి, వేదికలెక్కి తమ కథ చెప్పి నిధులు అడిగే మనుషులే అంతగా మిగలరు.

అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఆ జబ్బు పేరుమీదే ఇవ్వాలనుకోవడాన్ని తప్పుపట్టలేం. కానీ ఒక్క జబ్బుకే ముడిపెట్టిన విరాళం కన్నా, నిపుణులు పోటీలో ఎంపిక చేసిన ప్రతిపాదనలకు షరతుల్లేకుండా, ఏటా అందే చిన్న మొత్తమే మేలని నా అభిప్రాయం. శాస్త్రం అవయవాల హద్దులు పాటించదు. అమినోప్టెరిన్ స్థానంలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ పలు క్యాన్సర్లకే కాక కీళ్లవాతానికీ మందు.

సంస్థను ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది పాలనా ఖర్చు శాతం ఒక్కటే. (అది మరీ తక్కువగా ఉన్నా అనుమానించాల్సిందే, ఎందుకంటే ప్రతిపాదనలను శ్రద్ధగా వడపోయడానికీ ఖర్చవుతుంది.) అంతకన్నా అడగదగిన ప్రశ్నలు వేరు: ప్రాజెక్టులను ఎవరు ఎంపిక చేస్తున్నారు, విఫలమైన ప్రయోగాల ఫలితాలనూ ప్రచురిస్తున్నారా, పేటెంటు గడువు తీరిన పాత మందుల మీద పరీక్షలకు డబ్బు ఇస్తున్నారా అన్నవి. చికిత్స తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆస్పిరిన్ ఆపగలదేమో తేల్చేందుకు బ్రిటన్‌లో 2015లో మొదలై భారత్‌కూ విస్తరించిన పరీక్షకు, ప్రభుత్వ నిధులతో పాటు క్యాన్సర్ రీసెర్చ్ యూకే అనే విరాళాల సంస్థ కూడా డబ్బిచ్చింది. అంత చవకైన మాత్ర మీద వేలమందితో ఏళ్ల తరబడి పరీక్ష నడపడానికి ఏ మందుల కంపెనీకీ వ్యాపారపరమైన కారణం కనిపించదు.