ముందు కళాకారుడి డబ్బు, తర్వాతే ఫ్లెక్స్

ఈమధ్య తిరుపతిలో ఒక సాంస్కృతిక సభకు వెళ్లాను. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క సంస్థ తప్పు కాదు. పుత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన వీధి నాటకం వాళ్లను సాయంత్రం ఆరింటికే వేషాలు కట్టుకుని ఉండమన్నారు. ముఖాన రంగు, తలమీద కిరీటం, భుజకీర్తులు, అంత బరువూ మోస్తూ మూడున్నర గంటలు పక్క గదిలో కూర్చున్నారు. వేదిక మీద ఉపన్యాసాలు అయ్యేసరికి తొమ్మిదిన్నర. పదిహేను నిమిషాల్లో ముగించమన్నారు. దుర్యోధనుడి వేషం కట్టిన పెద్దాయన పద్యం అందుకుని రాగం తీస్తుండగానే ఒకరు వచ్చి మైకు పక్కన నిలబడ్డారు. తర్వాత శాలువా, మెమెంటో, ఫొటో. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "నాయనా, మా ఊరికి బస్సుందా ఇంగా? పొద్దున్నే కూలికి పోవాల."

ఛార్జీలు కూడా వాళ్లే పెట్టుకున్నారు.

నేనూ ఒక చిన్న కళాసమితిలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మేమూ ఇదే చేశాం. హాలు అద్దె, సౌండ్, ఫ్లెక్సులు, అతిథుల భోజనాలు అన్నీ అయ్యాక మిగిలితే కళాకారులకు ఇద్దామనుకునేవాళ్లం. ఏ ఏడాదీ మిగల్లేదు. "అవకాశం ఇస్తున్నాం కదా" అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. సౌండ్ అతనికి ఆ మాట చెప్పి డబ్బు ఎగ్గొట్టగలమా?

మన ఊరికి కళల పోషణ కొత్త కాదు. ఎస్వీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది. శిల్పం నేర్పే సంస్థ ఉంది, మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య ప్రాజెక్టు 1978 నుంచి కీర్తనలను జనంలోకి తీసుకెళ్తోంది. ఇదంతా కొండమీది స్వామి చలవ. కానీ వీధి నాటకం, చెక్కభజన, సాంఘిక నాటకం, బొమ్మలు గీసే కుర్రాళ్లు? వీళ్లకు మాలాంటి చిన్న సమితులే దిక్కు. అందుకే మేం చేసే తప్పు వాళ్లకు పెద్ద దెబ్బ.

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల సంగతీ ఇంతే. "ఒక పూట వచ్చి అందరి ముందూ గీసి చూపించండి" అని పిలుస్తారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. పాత ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరబెడితే నల్ల రంగు వస్తుంది. పటిక పూయాలి, ఉడకబెట్టాలి, ప్రతి రంగుకూ మళ్లీ ఉతకాలి. అంత పనిలో ఒక పూట వెదురు కలం పట్టుకోవడమే అతిథులకు కనిపిస్తుంది. ఆ పూట కూలి పోయిందన్నది ఎవరికీ కనిపించదు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటాం, మంచిదే. ఆ గుర్తింపు తెచ్చిన చేతికి ఆ రోజు ఏమిచ్చాం?

ఎలా చేయాలో తెలియక కాదు. చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు కదా. పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయి. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ భీముడు పగలగొట్టేదాకా ఎవరూ కదలరు. దీనికి గ్రాంటు కోసమో, స్పాన్సర్ కోసమో ఎదురుచూడరు. ఊరంతా చందాలు వేసుకుంటుంది. నాటకం వాళ్లకు ఎంతో ముందే మాట్లాడుకుని అడ్వాన్సు ఇస్తారు, ఇంటింటి నుంచీ అన్నం పెడతారు. చందా పుస్తకంలో పందిరి కంటే ముందు కథకుడి పేరుంటుంది. మా అమ్మమ్మ ఊళ్లో చిన్నప్పుడు నేను చూసింది ఇదే. చదువుకుని టౌనుకు వచ్చాక మాత్రం శాలువాతో సరిపెట్టడం నేర్చుకున్నాం.

ఇంకోటి, రిహార్సల్‌కు చోటు. సాయంత్రమైతే స్కూలు గదులు ఖాళీగా ఉంటాయి. కరెంటు బిల్లు మేం కడతామంటే అడిగి చూడొచ్చు. నాటకం కుర్రాళ్లు ఇప్పుడు మేడల మీద వాటర్ ట్యాంకుల పక్కన ప్రాక్టీస్ చేస్తున్నారు. వాన పడితే ఆ రోజుకు అంతే.

వచ్చే ఆదివారం మా సమితి మీటింగ్ ఉంది. చెక్కుల మీద సంతకం పెట్టే ఇద్దరిలో నేనొకడిని. ఖర్చుల కాగితంలో మొదటి లైను కళాకారుల పారితోషికం, రెండో లైను వాళ్ల ప్రయాణం, భోజనం. అవి రాసి, అడ్వాన్సు వాళ్ల చేతికి అందిందని తెలిశాకే ఫ్లెక్స్ చెక్కు మీద సంతకం పెడతాను.