రియో జట్టులో మిగిలింది తువాయ్ ఒక్కడే

2016 ఆగస్టు 11న రియో ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ) ఫైనల్లో ఫిజీ 43-7తో గ్రేట్ బ్రిటన్‌ను చిత్తు చేసింది. విరామానికే స్కోరు 29-0. తొమ్మిది లక్షల చిల్లర జనాభా ఉన్న ఆ దీవుల దేశానికి ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి పతకం. 2021లో టోక్యోలో న్యూజిలాండ్‌ను 27-12తో ఓడించి ఫిజీ మళ్లీ స్వర్ణం గెలిచింది. ఆ రోజు మైదానంలో ఉన్న ఫిజీ జట్టులో రియో స్వర్ణం గెలిచిన ఆటగాడు ఒకే ఒక్కడు, కెప్టెన్ జెర్రీ తువాయ్.

మిగతావాళ్లు ఆట మానేశారా అంటే, లేదు. రియో జట్టులోని తుయిసోవా ఫ్రాన్స్ క్లబ్ తులోన్‌లో, తర్వాత లియోన్‌లో. నకరావా పారిస్ క్లబ్ రేసింగ్ 92లో. మాతా ఎడిన్‌బరోలో స్థిరపడ్డారు. అంతా పదిహేను మంది ఆడే రగ్బీ. రెండేళ్లకో మూడేళ్లకో ఒప్పందం, నెలనెలా జీతం, కుటుంబాన్ని పోషించుకునే దారి అక్కడే ఉన్నాయి. సెవెన్స్‌లో ప్రతిభ చూపించడం, ఐరోపా క్లబ్ కంట్లో పడటం, విమానం ఎక్కడం: ఫిజీ కుర్రాడికి పరిచయమున్న దారి ఇదే. తువాయ్ ఆ దారి పట్టలేదు. 2014లో, పాతికేళ్ల వయసులో, ఫిజీ సెవెన్స్ జట్టులోకి వచ్చి పదేళ్ల పాటు, మూడు ఒలింపిక్స్ వరకూ నిలిచాడు. 2019లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడు, 2020లో దశాబ్దపు ఉత్తమ సెవెన్స్ ఆటగాడు. ఇంత నిలకడ ఎలా సాధ్యమైందో, అది ఎందుకింత అరుదో చూస్తే ఈ ఆట లెక్క మొత్తం తెలిసిపోతుంది.

ముందు ఆట సంగతి. పదిహేను మందికి సరిపోయే పూర్తి మైదానం, వంద మీటర్ల పొడవు, డెబ్బై మీటర్ల వెడల్పు. అందులో వైపుకి ఏడుగురే. ఏడు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు విరామం, మళ్లీ ఏడు నిమిషాలు. బెంచీ మీద ఐదుగురు. డిఫెన్స్‌లో ఆరుగురు వరుస కడితే వెనక స్వీపర్ ఒక్కడే ఉంటాడు. వరుసలో ఒక్క ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం) తప్పిందంటే దాదాపు ట్రై, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించడం, అయిపోయినట్టే. పాయింట్లు సాధించిన జట్టే మళ్లీ కిక్ఆఫ్ కొట్టాలి కాబట్టి, బంతి అవతలివాళ్ల చేతికి పోవడానికి ఎప్పుడూ అవకాశం ఉంది. పసుపు కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పద్నాలుగు నిమిషాల ఆటలో అది ఏడో వంతు. ఆరుగురు ఆ మైదానాన్ని కాయలేరు.

ఇలాంటి చోట గెలిపించేది వేగమేనని చాలామంది అనుకుంటారు. తువాయ్ కెరీర్ ఆ నమ్మకాన్ని పూర్వపక్షం చేస్తుంది. అతను పొట్టివాడు, ఐదడుగుల ఎనిమిదంగుళాలకు అటూ ఇటూ. అతనికంటే వేగంగా పరిగెత్తేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారు. అతని బలం డిఫెండర్‌కి చివరి రెండు మీటర్ల దూరంలో కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాడి లోపలి భుజం వైపు నేరుగా పరిగెడతాడు. వాడు ఆపుదామని బరువంతా ఒక కాలి మీదికి తెచ్చిన క్షణంలో, తువాయ్ అడుగులు చిన్నవి చేసి, బయటి పాదంతో నేలను తన్ని రెండో వైపు పోతాడు. బరువు వేసిన కాలిని డిఫెండర్ వెంటనే ఎత్తలేడు. కబడ్డీలో కూతకెళ్లినవాడు డిఫెండర్ బరువు ఏ కాలి మీద ఉందో చూసి తప్పుకున్నట్టే ఇదీ. కుర్రాళ్లు తప్పు చేసేది దూరం దగ్గరే. నాలుగైదు మీటర్ల ముందే స్టెప్ వేస్తే డిఫెండర్‌కి సర్దుకునే టైమ్ దొరుకుతుంది. మీటరు లోపలికి వచ్చాక వేస్తే నడుము పట్టు దొరికిపోతుంది.

ఫిజీ ఆటకు పేరు తెచ్చిన ఆఫ్‌లోడ్, అంటే ట్యాకిల్‌లో పడిపోతూనే బంతి అందించడం, అందరూ ముచ్చటపడే విద్య. కానీ రెండో డిఫెండర్ ఇంకా మీదికి రాకముందే బంతి వదిలితే, వాడే దాన్ని అందుకుని ఖాళీ మైదానంలో పరిగెడతాడు. తువాయ్ రెండోవాణ్ని కూడా తన మీదికి లాక్కునేదాకా బంతి వదలడు. ట్యాకిల్ అయినచోట బంతి కోసం వంగడంలోనూ పొట్టిదనమే అతనికి కలిసొచ్చింది. పొడుగువాడు వంగేలోపు అతని చేతులు బంతి మీద ఉంటాయి. కండరాల వేగం ముప్పై దాటాక తగ్గుతుంది. దూరం కొలిచే కన్ను తగ్గదు. ముప్పై రెండేళ్లకు ఒలింపిక్ ఫైనల్‌కి కెప్టెన్సీ చేయగలిగాడంటే కారణం ఇదే.

అయినా శరీరానికి పడే దెబ్బ తక్కువేమీ కాదు. ఒలింపిక్స్‌లో మూడు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు. ఒక్కో మ్యాచ్‌లో ఒకటిన్నర కిలోమీటర్ల దాకా పరుగు, అందులో కొంత భాగం పూర్తి వేగంతో. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య రెండు మూడు గంటల ఖాళీయే అసలు ప్రమాదం. ఆ టైమ్‌లో కండరం చల్లబడుతుంది. సరిగ్గా వార్మప్ చేయకుండా రెండో మ్యాచ్‌కి దిగితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. అందుకే ఆట అవ్వగానే ఉప్పు కలిసిన ద్రవాలు, త్వరగా అరిగే పిండి పదార్థాలు తీసుకుంటారు. కాళ్లు పైకి పెట్టుకుని కాసేపు పడుకుని, మళ్లీ పూర్తి వార్మప్ చేస్తారు. ఫిజీ జట్టు సింగతోకా ఇసుక దిబ్బల మీద సాధన చేయడం వెనకా తర్కముంది. ఇసుకలో పాదం దిగబడి, నేల తిరిగి ఇచ్చే ఊతం పోతుంది. ప్రతి అడుగుకీ కండరమే పూర్తిగా పని చేయాలి, కానీ కీళ్ల మీద తాకిడి తక్కువ.

డబ్బు విషయానికొస్తే కథ ఇంత బాగుండదు. తువాయ్ రాజధాని సువా శివార్లలో ఒక్క గది ఇంట్లో పెరిగాడు. ప్లాస్టిక్ సీసాయే అతనికి రగ్బీ బంతి. 2013లో కోచ్‌గా వచ్చిన బెన్ రయాన్‌కే మొదటి కొన్ని నెలలు జీతం ఇవ్వలేని బోర్డు ఫిజీ రగ్బీది. అలాంటి చోట జాతీయ సెవెన్స్ ఒప్పందాన్నే నమ్ముకుని ఉండటమంటే ఐరోపా క్లబ్ జీతాన్ని వదులుకోవడమే. టోక్యోకి ముందు 2021 ఈస్టర్ నుంచి కోవిడ్ కారణంగా ఆటగాళ్లు కుటుంబాలకు దూరంగా శిబిరంలోనే ఉండిపోయారు. జపాన్‌కు వెళ్లింది చేపలు మోసే సరుకు విమానంలో.

2024 పారిస్‌లో తువాయ్‌కి 35 ఏళ్లు. కోచ్, రియోలో అతని కెప్టెన్ ఓసియా కొలినిసౌ. ఆ సీజన్‌లో ఒక్క టోర్నీ కూడా గెలవని ఫిజీ ఫైనల్‌కి చేరింది, ఎదురుగా ఫ్రాన్స్. విరామానికి 7-7. రెండో సగంలో ఫ్రాన్స్ తరఫున ఆంత్వాన్ దుపాన్ దిగాడు. పదిహేను మంది రగ్బీలో ప్రపంచంలోనే అగ్రశ్రేణి ఆటగాడతను. ఐరోపా దేశాల పదిహేను మంది రగ్బీ టోర్నీ సిక్స్ నేషన్స్‌ను వదిలి, ఫిబ్రవరిలో వాంకూవర్‌లో సెవెన్స్ మొదలుపెట్టాడు. ఒక ట్రైకి దారి వేసి, రెండు తనే సాధించాడు. ఫ్రాన్స్ 28-7. ఒలింపిక్స్‌లో 17 మ్యాచ్‌ల ఫిజీ విజయపరంపర ఆగింది. కొన్ని నెలల్లోనే నేర్చేసుకోగల ఆట ఇదని దీన్నిబట్టి తీర్మానించడం తప్పు. దుపాన్ వెనక ఉన్నది క్లబ్, బోర్డు రెండూ కూర్చుని వేసుకున్న పథకం. ఫిజీ ఆటగాళ్లకు లేనిది సరిగ్గా అదే.

ఇప్పుడు పరిస్థితి ఇంకా ఇరుకవుతోంది. తువాయ్ అవార్డు గెలిచిన 2018-19 సీజన్‌లో ప్రపంచ సెవెన్స్ సిరీస్‌లో పది టోర్నీలు, ఒక్కోదానికి 16 జట్లు. 2023-24కి జట్లు 12 అయ్యాయి. 2025-26కి పై శ్రేణిలో ఎనిమిదే. 2025లో ఐర్లాండ్ తన పురుషుల సెవెన్స్ కార్యక్రమాన్నే మూసేసింది. అదే ఏడాది జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లు, వాటిలో ఫిజీ ఆటగాళ్లు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి మన తెలుగువాళ్లు కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన దేశం నుంచి ఇవాళ ఆటగాళ్లు ఇక్కడికి పనికి వస్తున్నారు. మంచిదే. కానీ రెండు వారాల లీగ్ ఏడాది జీతం కాదు. ఇద్దరు ముగ్గురు పేరున్న విదేశీయులకు ఇచ్చేదాంట్లో కొంత తగ్గించైనా, భారత ఆటగాళ్లకు పన్నెండు నెలల ఒప్పందాలు, ఊళ్లో ఫిజియో సౌకర్యం ఈ ఫ్రాంచైజీలు కల్పించాలి. ఫిజీ బోర్డు చేయాల్సిన పనీ ఇలాంటిదే: ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్ దాకా నాలుగేళ్ల ఒప్పందం, కనీసం ఆరుగురికి. అప్పుడు 2028 లాస్ ఏంజెలెస్‌లో పాత ఒలింపిక్ జట్టు నుంచి ఒక్కడు కాక, సగం మందైనా ఉంటారు.